తటస్థ పదాలు

పరీక్ష చాలా చిన్నది, రెఫిక్ గారూ.
తెర మీద ఒక మాట వస్తుంది. దాన్ని చదవకూడదు.
ఏ రంగులో ఉందో ఆ రంగు పేరు చెప్పాలి. అంతే.

"చదవకుండా ఎలా చూడను?" అన్నాడు,
సారాయెవోలో ముప్ఫై ఏళ్లు ట్రామ్ నడిపిన మనిషి.
అదే మా పరీక్ష అని నేను చెప్పలేదు.

ముందు *ఎరుపు* అన్న మాట, పచ్చరంగులో.
"పచ్చ."
*నీలం* అన్న మాట, ఎరుపులో.
"ఎరుపు."
మాట ఒకవైపు లాగుతుంటే
మనసుకి ఇంకోవైపు కళ్లెం బిగించడం
ఆయనకు కాలివాటం పని:
తడిసిన పట్టాల మీద పిల్లాడెవడో అడ్డం పరిగెత్తితే
గంట కొట్టి, ఇసుక వదిలి, బ్రేకు తొక్కిన కాలది.

రెండో జాబితా.
*షెల్లు.* "పసుపు."
*స్నైపరు.* "నీలం."
*నెత్తురు.* "పచ్చ."
ఎక్కడా తడబడలేదు.
ఈ మాటలకి ఎప్పుడో కాపలా పెట్టుకున్నాడు,
రాత్రిరాత్రీ గుమ్మంలోనే నిలబెట్టి
తిప్పి పంపడం అలవాటు.

మూడోది తటస్థ పదాలు. నేనే రాశాను.
ఎవరినీ ఏమీ చేయని మాటలు, పోల్చి చూసుకోవడానికి.
*బల్ల.* "నీలం."
*దువ్వెన.* "ఎరుపు."
*క్యాను.*

మా గదిలో గడియారం లేదు.
కంప్యూటరే లెక్కపెడుతుంది, సెకనులో వెయ్యో వంతుల్లో.
ఒకటి. రెండు.
నాలుగో సెకనుకి ఆయన కుడి పాదం
బల్ల కింద నేలని తొక్కింది.
గట్టిగా. ఇంకా గట్టిగా.
అక్కడ పెడల్ లేదు.

"పసుపు," అన్నాడు.
తెర మీద అక్షరాలు నీలంగా ఉన్నాయి.
యంత్రం తప్పు అని రాసుకుంది.

రెండు వారాల తర్వాత చెప్పాడు, కారిడార్‌లో, కోటు వేసుకుంటూ.
బీరు ఫ్యాక్టరీ కొళాయి దగ్గర నీళ్ల వరస.
పెద్ద క్యాన్లు రెండూ తను పట్టుకుని
చిన్నది, పసుపుది, చెల్లెలు మెవ్లిద చేతికిచ్చి
"నువ్వు ముందు నిలబడు" అన్నాడట.
ముందు, అని మళ్లీ అన్నాడు.
కోటు చెయ్యి దొరకలేదు. నేను పట్టుకున్నాను.

అదుపు సడలినవాళ్లలోకే జ్ఞాపకం చొరబడుతుందా,
చొరబడ్డ జ్ఞాపకాన్ని ఆపీ ఆపీ అదుపు అరిగిపోతుందా?
విత్తు ముందో చెట్టు ముందో
మా వ్యాసం చివరి పేరాలో కూడా తేలలేదు.

జాబితాలోంచి క్యాను తీసేశాను.
ఇరవై నాలుగో గడి ఖాళీ. అది నిండందే ప్రోగ్రాం నడవదు.
చెంచా? దిండు? కిటికీ గడియ?
ఈ ఊళ్లో ఎవరినీ ఏమీ చేయని మాట కోసం
చీకటి పడేదాకా కూర్చున్నాను.
చివరికి *బొత్తాం* అని పెట్టి
అమ్మకి ఫోన్ చేశాను.
బొత్తాం అనగానే నీకేం గుర్తొస్తుందమ్మా,
ఊరికే అడుగుతున్నా.

అవతల టీవీ చప్పుడు ఆగింది.