ఎవరి ప్యాకేజీలోనూ లేని మూరెడు

సొహార్‌లో ఏప్రిల్‌కే మా కంటెయినర్ ఆఫీసు
పెనంలా కాలుతుంది.
సముద్రాన్ని తొమ్మిది ముక్కలు చేసి
గోడకి అతికించాను:
ఒకటి, ఉప్పునీరు తోడేది, కొరియా వాళ్ళది.
నాలుగు, వడపోత పొరలు, మిలాన్ నుంచి.
ఆరు, మంచినీటి గొట్టం, పుణె కంపెనీది.
తొమ్మిది నాది.
మిగతా ఎనిమిదింటినీ ఒకదానితో ఒకటి మాట్లాడించడం.

మాట్లాడించడమంటే,
ఫెదెరికా ‘దాదాపు అయిపోయింది’ అంటే
ఇంకో మూడు వారాలని,
మిన్‌జే ఏమీ అనకపోతే అయిపోయిందని,
హమూద్ ‘ఇన్‌షా అల్లా’ అన్నప్పుడు
గొంతు ఎక్కడ ఆగిందో విని
తేదీ వేసుకోవడం.
శుక్రవారం వీళ్ళకి సెలవు, ఆదివారం వాళ్ళకి.
అందరూ ఒకేసారి మేలుకుని ఉండేది
వారానికి నాలుగు రోజులు.

మొన్న మంగళవారం తేలింది.
నాలుగో ప్యాకేజీ గొట్టం ఒక ఫ్లాంజి దగ్గర ఆగింది.
ఆరోది ఇంకో ఫ్లాంజి దగ్గర మొదలైంది.
నడుమ మూరెడు గాలి.
రెండు డ్రాయింగుల్లోనూ అక్కడ ఒకటే మాట:
‘ఇక్కడి నుంచి ఇతరులు.’

పదకొండు ఉత్తరాలు తిరిగాయి.
బాధ్యతల పట్టికలో ఆ గడికి
నేనే పసుపు రంగు వేశాను.
పసుపంటే ‘చర్చలో ఉంది’.
చర్చలో ఉన్నదాన్ని ఎవరూ తిట్టరు, ఎవరూ తాకరు.

కోరుట్ల గంగనర్సయ్య వెల్డరు,
సబ్‌కాంట్రాక్టరుకి సబ్‌కాంట్రాక్టరు మనిషి.
టీ గ్లాసుతో నా గోడ ముందు నిలబడ్డాడు.
“ఉమ్మడి గొర్రె పుచ్చి సచ్చిందట మేడం” అని నవ్వి,
“గీ తొమ్మిదిట్ల మేమేడున్నం?” అన్నాడు.
వెతికాను.
ఆరు కింద, ఆరు పాయింట్ రెండు కింద,
సన్నక్షరాల్లో: ‘వనరులు, 14’.
పద్నాలుగులో తను ఎన్నోవాడో
అతను అడగలేదు.
నాకూ తెలియదు.

ఇరవై ఆరో రోజున సంతకాలు వచ్చాయి.
పని రెండు షిఫ్టులు పట్టింది.
కొలిమి చల్లారినట్టు చల్లారాక
అతుకు పక్కన వెల్డరు గుర్తు వేయాలి.
ఏ ప్యాకేజీ నెంబరు రాయాలో ఎవరూ చెప్పలేదు.
తెల్ల సుద్దతో గంగనర్సయ్య
గుండ్రంగా, బడిపిల్లాడి దస్తూరీలో రాశాడు:
ఇతరులు.

తనిఖీకి వచ్చిన హమూద్
టార్చి వేసి చాలాసేపు చూశాడు.
“ఏం రాశాడు?”
“పేరు” అన్నాను.
రాసుకున్నాడు.

రేపు దాని మీద నీలం పెయింటు.
అది ఏడో ప్యాకేజీ.