రెండో రసీదు

తెల్ల గ్లవ్స్ ఎలా ఊపాలో
ఆ సినిమా అమ్మాయికి నేర్పమని పిలిచారు నన్ను.
మణికట్టు కాదమ్మా, మోచేయి.
వ్యాను కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగాలి.
మంచువానలో ముల్లంగి పీకుతున్న ముసలాయనకి కూడా
తన ఒక్కడి కోసమే ఊపినట్టుండాలి.

పద్నాలుగు ఎన్నికలు మోసింది ఈ గొంతు.
మా జపాన్‌లో ఈ పని చేసేవాళ్ళని పాటపిట్టలంటారు.
పాటేం లేదు, ఒకటే పేరు.
ఇసోగాయ్, ఇసోగాయ్, మీ ఇసోగాయ్!
పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.
బడి దగ్గర మెల్లగా,
ఆస్పత్రి దగ్గర ఇంకా మెల్లగా,
చావింటి ముందు మైకు కట్టేసి తల వంచి,
మలుపు తిరగ్గానే
మళ్ళీ ఇసోగాయ్.

దర్శకుడు నెగిషి టోక్యో మనిషి, మర్యాదస్తుడు.
ప్రతిదీ నిజంలా ఉండాలంటాడు.
దరుమా బొమ్మకి ఒక కన్నే దిద్దుతారని,
రెండోది గెలిచాకేనని తెలుసు అతనికి.
కిరోసిన్ స్టవ్వు, దానిమీద కెటిలు,
బల్ల మీద ఎండిన నారింజ తొక్కలు,
అన్నీ తెచ్చిపెట్టాడు.
ఒక్కటే అడిగాడు నన్ను:
"కవరు ఇచ్చేటప్పుడు
ముందు కళ్ళు దించేదెవరు?"
ఏ కవరు, అన్నాను.

సినిమాలో ఆ అమ్మాయి కవరు వెనక్కి తోసేస్తుంది.
గ్లవ్స్ విప్పి బల్లమీద పెట్టి
మంచులోకి నడిచిపోతుంది.
ఆరోజు మంచు పడలేదు,
లారీలోంచి నురగ చల్లారు.
తొమ్మిది టేకులు.

నా కవరుకి ఒకటే టేకు.
ఫ్యాక్స్ మిషన్ కాగితం నములుతోంది.
హిరానుమా గారు, మా అన్నకి లెక్కలు చెప్పిన మాస్టారు,
ఇసోగాయ్ ఖాతాలు చూసేవారు,
రెండు రసీదులు పక్కపక్కన పరిచారు.
ఒకదాని మీద రోజుకి పదిహేను వేలు,
చట్టం ఒప్పుకునేది అంతే.
రెండోదాని మీద ఇంకో పదిహేను వేలు,
పోస్టర్లు అంటించిన కూలి,
ఎన్నికలకి ముందు తేదీ.
నేనెప్పుడూ పోస్టరు అంటించలేదు.
జిగురు పడదు నాకు, చేతులు పొక్కుతాయి.

ముందు కళ్ళు దించిందెవరు?
ఎవరం దించలేదు నెగిషి గారూ.
ముద్ర సరిగ్గా పడిందో లేదోనని
ఇద్దరం ముందునుంచీ కాగితమే చూస్తున్నాం.
ఎర్ర సిరా.
రెండుసార్లు.

ఆ డబ్బుతో చలికాలం టైర్లు కొన్నాను.
మంచి టైర్లు, ఇప్పటికీ జారలేదు.
ఇసోగాయ్ గెలిచాడు. వంతెన కట్టిస్తానన్నాడు, కట్టించాడు.
షూటింగుకి దానిమీంచే వచ్చాను,
అరగంట కలిసొచ్చింది.

మరుసటి వసంతంలో ఒక కుర్ర ఆఫీసరు
నాకు టీ పోసి అడిగాడు:
"చిగుసా గారూ, పోస్టర్లు మీరే అంటించారా?"
అంటించానన్నాను.
గొంతు ఎంత బాగా పలికిందో,
మైకు లేకుండానే.
ఏడాది తిరిగాక తప్పంతా తనదేనని
హిరానుమా గారు రాసిచ్చారు.
ఇప్పుడాయన పెరట్లో పెర్సిమన్ పళ్ళు ఒలిచి
తాడుకి గుచ్చి ఆరేస్తారు.
నా వ్యాను అటు వెళ్ళినప్పుడు
అలవాటుగా చెయ్యి ఊపుతాను.
అలవాటుగా ఆయన తల వంచుతారు.

పదో టేకు బాగా వచ్చింది.
కొందరు లైట్‌బాయ్‌లు కళ్ళు తుడుచుకున్నారు.
"నిజంగా ఇలాగే ఉంటుందా?" అన్నాడు నెగిషి.
గ్లవ్స్ ముందే విప్పేసింది, అన్నాను.
వ్యాను కనుమరుగయ్యాక విప్పాలి.

సాయంత్రం, చెవికి పోగున్న కుర్రాడు
నా రోజుకూలి కవరులో పెట్టి తెచ్చాడు.
ఒక రసీదు.
ముద్ర వేశాను.
వేసి, ముద్ర పట్టుకున్న చెయ్యి
అలాగే గాలిలో ఉంచాను.
"ఇంకేమైనా కావాలా అండీ?" అన్నాడు.
లేదు బాబూ,
సిరా ఆరనిద్దామని.