జనవరి ఒకటి

మా కెమెరా లెక్కల
సిరొంచ పెళ్లిళ్లన్నీ ఒక్క దినమే అయినయి.
జనవరి ఒకటి, రెండువేల మూడు,
అర్ధరాత్రి దాటి కొన్ని నిమిషాలు.
బాసింగాల మీద ఎండ కొడుతుంటది,
మూలకు తెల్ల అంకెలు మాత్రం రాత్రే అంటయి.

లోపల గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల
ఎన్నడో చచ్చిపోయింది.
బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా
కాలం మొదటికొస్తది.

చంద్రపూర్ల ఒక స్టూడియో ఎత్తేస్తుంటే
రెండున్నర వేలకు తెచ్చిన, అరచేతిల ఇమిడేది.
ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల హిందీ;
దీని మెనూది నాలుగో భాష, ఏందో ఇప్పటికీ తెల్వది.
కిందికి మూడు, పక్కకు ఒకటి, ఒత్తు:
రంగు సరైతది.
కరెంటు పోయిన ఇంట్ల నడిచినట్టు
వేళ్లతోటే నేర్చుకున్న.

టేపు మూత దానంతటదే తెరుచుకుంటది,
కొత్తిమీర కట్టకొచ్చిన రబ్బరు బ్యాండు వేసిన.
తెర పూర్తిగ తిప్పితే నల్లబడుతది;
సగం తిప్పి, కొంచెం ఎత్తి,
ఆడ ఊపిరి బిగబట్టాలె.

వానకాలమంతా బియ్యం డబ్బల పడుకుంటది.
ప్రాణహిత చెమ్మ గోడలకే ఎక్కుతది,
టేపుకెక్కదా?
బొమ్మ గళ్లు గళ్లుగ పగిలితే
కడిగే టేపు పది సెకన్లు తిప్పుత, మించితే తప్పు.
ఎక్కువ తోమితే పళ్లరిగినట్టు
హెడ్డరుగుతది.

ఖాళీ టేపులు ఇప్పుడు దొరకవు. ఉన్నయి పదకొండు.
కొత్త పెళ్లి ఎక్కాల్నంటే పాతది దిగాలె.
ముందుగాల అడుగుత, "మీది కాపీ చేసుకున్నరా?"
అంకీస లస్మక్క ఒక్కతే, "లేదు, చెరపకు" అంటది.
రెండు నెలలకోపారి వచ్చి
నా కెమెరలనే కన్ను పెట్టి చూసిపోతది.
బిడ్డ పెళ్లి కోసం కాదు.
పందిరి గుంజకు కట్టేసిన తన మేక కోసం.
"గసొంటిది మళ్ల దొరకలే" అంటది.

మొన్న ఒక జంట వచ్చిన్రు.
ఆఫీసుల పెళ్లి దాఖలా కావాల్నట, తేదీకి సాక్ష్యం నేనట.
క్లర్కుకు తెర తిప్పి చూపిచ్చిన.
"పోయిన వారం వచ్చినోళ్లది కూడ గిదే తేదీ," అన్నడు,
"ఆ దినం ఊళ్లె అన్నం ఎవరు వండిన్రు?"

అందుకే ఆలాపల్లి పోయిన.
ఎస్టీ బస్సుల, గుంతగుంతకు దాన్ని ఒళ్లెకు లాక్కుంట.
దేవాజీ మడావి గడియారాలు బాగుచేస్తడు,
ఒక కన్నుకు అద్దం, ఇంకో కన్ను నా మీద.
మూత ఇప్పి చానసేపు మాట్లాడలే.

"బిళ్ల మార్చొచ్చు.
దాని మీదికెళ్లి పోయే పట్టీ అప్పడం లెక్క అయింది.
తీస్తే ఇరుగుతదేమో.
చూపు కావాల్నా, తేదీ కావాల్నా?"

లోపలి జేబుల ఇరవై రెండు వేలున్నయి,
కొత్తదానికి ఇంకా ఆరు తక్కువ.
చెయ్యి దాని మీదికే పోయింది, చెప్తున్న గద.

"చూపు," అన్న.
"మంచిదే. కొత్తది ఎన్నడు కొంటవు?"
"జనవరి ఒకటికి."
నవ్వు తట్టుకోలేక అద్దం ఊడి బల్ల మీద దొర్లింది.
మడత మర బిగిచ్చి, తుప్పు గీకి
అరవై రూపాయలు తీసుకున్నడు.

రేపన్‌పల్లి దాటినంక బస్సాగింది.
అందరు దిగిన్రు. టేకు చెట్ల కింద
డ్రైవరు ఇంజనుకు నీళ్లు తాపుతుండు.
తెర పూర్తిగ తిప్పిన.
నల్లబడలే!
ఆవిరి తీసిన, ఆకు మీద చీమను తీసిన,
నన్నే చూస్తున్న పోరడిని తీసిన.
సంబురంల లోపల ఎవరి టేపున్నదో చూసుకోలే.

ఇంటికొచ్చి వెనుకకు తిప్పిన.
ఆవిరి. చీమ. పోరడు.
ఎనిమిదో నిమిషానికి గళ్లు గళ్లుగ విరిగి
లస్మక్క వాకిలి.
జీలకర్ర బెల్లం పోయింది, తాళి పోయింది.
చేతులు చల్లబడ్డయి,
ఆపకుంట చూసుకుంటనే ఉన్న.

పదిహేడో నిమిషంల
గుంజ కాడ, నెమరేసుకుంట,
మేక.