ఆవిరికి ప్రాస

జలీబ్‌లో నాలుగో వీధి, బకాలా పక్కన మా లాండ్రీ.
రాత్రి పదకొండుకు షట్టరు సగం దించి
ప్రెస్సు మాత్రం ఆర్పకుండా ఉంచినాము.
పెడలు తొక్కితే ఉస్స్, మూత పడితే ధన్,
లేస్తే లోపల స్ప్రింగు కీచుమంటుంది.
రుహుల్ అమీన్ ఆ మూడు చప్పుళ్లనూ ఫోన్‌లోకి పట్టి
కత్తిరించి, తిప్పి తిప్పి కుట్టినాడు.
పగలంతా ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే మనిషి,
దారం యాడ తెంపాలో వానికి తెలుసు.

మారుమోత రాకుండా గుడ్డలు కావాలన్నాడు.
పొద్దున డెలివరీకి పోవాల్సిన దిష్‌దాషాలు నలభై
వరసగా వేలాడదీసినాము.
ఎవరెవరి తెల్లబట్టల నడుమనో నిలబడి
తిజానీ మొదట అందుకున్నాడు.
ఖార్తూమ్‌లో లెక్కల పంతులు, ఇక్కడ నీళ్ల ట్యాంకరు డ్రైవరు.
వాని అరబీలో నాకు అందింది రెండే మాటలు:
నీళ్లు, రేపు.
తర్వాత మారిసెల్, సెలూన్ నుంచి నేరుగా వచ్చి,
వేళ్లకింకా గోళ్లరంగు వాసన,
ఎవరినో నిద్రపుచ్చుతున్నట్టు నాలుగు వరసలు.
చివర నేను. రాయచోటి తెలుగు.
పన్నెండేళ్లుగా అంగీల కింద అణిచిన మాటలన్నీ
ఒక్క గుక్కలో.
"ఆవిరే నా ఊపిరి" అన్నాను.
రుహుల్ తల ఊపినాడు. వానికి తెలుగు రాదు,
ప్రాస మాత్రం వినబడింది.

పాట బయటికి పోయింది. ఇంక మాటలు మొదలు.

ఇంగ్లీషు పేపర్లో ఒకాయన అరపేజీ రాసినాడు.
అరబీ భాగం గంభీరం, ఆడగొంతు తేనె,
మూడోది ఏదో భాష, గరుకు, ముడిసరుకు అన్నాడు.
ఆ ముక్క కోసి, అంగీ మడతలో పెట్టే అట్ట కింద దాచుకున్నాను.
ముడిసరుకంటే పొగడ్తా తిట్టా అని
సిమెంటు కంపెనీ ఓబుళరెడ్డిని అడిగితే
"ధర తక్కువ అని" అన్నాడు.

హైదరాబాదు నుంచి ఒక పిల్లోడు, పాటల మీద మాట్లాడేవాడు,
యాస బాగుందంటానే ఫ్లో లేదన్నాడు.
మా రూములో ఎనిమిది మంచాలు, ఎనిమిది తీర్పులు.
పై మంచం పెంచలయ్య:
"పాటంటే పాడాల గదా,
ఇది అప్పులోడు తలుపు కొట్టినట్టుంది."
లాండ్రీ ఓనరు అబూ ఫైసల్ విన్నాడో లేదో,
కరెంటు బిల్లు చూసి మాత్రం
రొంతసేపు నా మొగం చూసినాడు.

శుక్రవారం తెల్లారి ఒక వాయిస్ మెసేజి.
సాల్మియాలో ఇంటిపని చేసే గంగులమ్మ.
బాత్రూములో కొళాయి తిప్పుకోని విన్నదంట.
"అబ్బీ, మూడుసార్లు విన్నా.
ఆ సూడానాయన ఏమంటాడో తెలీదు గానీ ఏడుపొచ్చింది.
నీది వింటే రాలేదు.
ఆవిరే ఊపిరి అన్నావే,
ఇస్త్రీ చేసే చేతులేనా నీవి?
నా మోచేతి మీద మచ్చ ఉంది, వచ్చిన కొత్తలో కాలింది.
ఆవిరి తగిల్తే ఊపిరి బిగబట్టుకుంటాము గదా,
ఎవరికీ వినపడకుండా.
ప్రాస కుదిరింది అబ్బీ. మాట అబద్ధం."
వెనక కొళాయి ఆగింది. మెసేజీ ఆగింది.

మణికట్టు తిప్పి చూసుకున్నాను.
మూడున్నాయి. ఒకటి నేనే మర్చిపోయినాను.

మళ్లీ షట్టరు సగం దించినాము.
తిజానీ లేడు, ట్యాంకరు వఫ్రా పక్కకు మార్చినారు.
వాని పాత గొంతే ఉంచినాము.
దిష్‌దాషాలు ఈసారి వేరేవాళ్లవి.
నా వంతులో "ఆవిరి" అని, ఆగినాను.
ఊపిరి అనాల్సిన చోట ఏమీ అనలేదు.
రుహుల్ కత్తిరించబోయి చెయ్యి ఆపినాడు.

ఆ ఖాళీ పాటలో అట్లనే ఉంది, ఒక దెబ్బంత.
రికార్డింగు తప్పంటారు కొందరు.
గంగులమ్మ ఇంకా ఏమీ చెప్పలేదు.
ఆమెకు ఫోను శుక్రవారమే ఇస్తారు.