పొట్లాల లెక్క

కాగితం మీద దాని పేరు ఉత్త అంకెలే.
ఏ ఆకో, ఏ వేరో నాకూ చెప్పలేదు.
మొదటి పొట్లం చింపి కుర్మయ్య ముక్కు దగ్గర పెట్టుకుని
"నేలవేము గాదు, తిప్పతీగ గాదు,
అమ్రాబాద్ అడివి దిక్కు వాసనొస్తున్నది సిస్టరమ్మా" అన్నాడు.

జడ్చర్ల చౌరస్తాలో ఇరవై ఆరేండ్లు చాయ్ కాచిన మనిషి.
లారీ ఆగిన చప్పుడును బట్టే
చక్కెర ఎంతెయ్యాల్నో తెలిసినోడు.
నెత్తురు తెల్లబడుతున్నది, ఇంక మా దగ్గర మందుల్లేవని
పట్నం దవాఖాన పంపించేస్తే
మహబూబ్‌నగర్‌లో మా వార్డుకొచ్చాడు.
కిటికీ పక్క మంచం. చేతిలో సొంత స్టీలు గ్లాసు.

సంతకానికి ముందు అడిగాడు:
"గిది తాగితే తగ్గుతదా?"
తగ్గుతుందో లేదో తర్వాతి సంగతి,
ముందు మనిషి ఎంత దాకా తట్టుకుంటాడో చూస్తారని
డాక్టరు చెప్పమన్నట్టే చెప్పాను.
ఆ నెలలో ఆ మాట ఏడుసార్లు చెప్పాను,
ఒక్కసారీ నా గొంతులా వినపడలేదు.
ఆయన కాసేపు కిటికీలోంచి చూసి
"అంటే, చాయ్ నన్ను తాగి సూస్తదన్నట్టు"
అని నవ్వి, వంకర అక్షరాల్తో సంతకం పెట్టాడు.

రెండొందల మిల్లీలీటర్ల నీళ్లు. ఐదు నిమిషాల మంట.
పొద్దున ఒకటి, పొద్దుగూకినాక ఒకటి.
"పాలు లేవు, చక్కెర లేదు, బెల్లం గూడ వద్దంటరు,
దీన్ని చాయ్ అన్నోని మీద కేసెయ్యాలె."
కారిడార్ చివర కరెంటు పొయ్యి దగ్గర బుచ్చమ్మ నిలబడితే
మంచం మీంచే అరిచేవాడు:
"నీళ్లు మసిలినంకనే ఏయి!
ముందే ఏస్తే ఆకు ఉడికి సస్తది."
మాకిచ్చిన పద్ధతిలో ఆ మాట లేదు.
తర్వాతి వారం నుంచి పక్క మంచాల వాళ్లూ
ఆయన చెప్పినట్టే కాచుకున్నారు.
అది నేనెక్కడా రాయలేదు.

పొట్లం బరువు రెండింతలైంది, మళ్లీ రెండింతలు.
నారాయణపేట నేతాయన నాలుగో వారం
తనవల్ల కాదని బస్సెక్కిపోయాడు.
కుర్మయ్య మాత్రం గ్లాసు వంచి అడుగు చూపించేవాడు.
వాంతులెన్ని, జ్వరమెంత, నిద్ర పట్టిందా,
వీటన్నిటికీ నా కాగితంలో గళ్లున్నాయి.
చేదు ఎట్లుందో రాయడానికి గడి లేదు.
ప్లేట్‌లెట్లు పద్నాలుగు వేలు. పదకొండు. తొమ్మిది.
ఒక్క శుక్రవారం ఇరవై రెండు.
ఆ సాయంత్రం బుచ్చమ్మ వార్డంతా మైసూర్‌పాక్ పంచింది.
సోమవారం ఆరు.

ఒక రాత్రి, నెత్తురు బాటిల్ ఎక్కుతుంటే అడిగాడు:
"నువ్వు తాగి సూసినవా సిస్టరమ్మా?"
లేదన్నాను.
"అమ్మెటోడు ముందుగాల తను తాగాలె.
మా బండి మీద పొద్దుగాల మొదటి గ్లాసు నాదే ఉంటుండె."
ఇంకాసేపటికి, నాతోనో కాదో:
"కురుమూర్తి సామికి మొక్కితే పుట్టినోన్ని.
మా అవ్వ మొక్కుకు అక్కరకొచ్చిన,
గిప్పుడు మీ లెక్కకు."

దినాలైన తర్వాత బుచ్చమ్మ వచ్చింది.
మిగిలినవి తిరిగిస్తేనే ఫైలు మూసేది.
బట్టల దుకాణం సంచి దులిపి
బల్ల మీద ఒక్కొక్కటే పేర్చింది.
పదమూడుండాలి. పన్నెండున్నాయి.
మళ్లీ లెక్కపెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒకటి నేను తాగిన.
ఆయన్ని తీస్కపోయిన రాత్రి నిద్ర పడ్తలేదు.
నీళ్లు మసిలినంకనే ఏసిన, చెప్పినట్టే.
గింత చేదు నలభై మూడు దినాలు
మొకం మార్వకుండ ఎట్ల తాగిండో
తెలుసుకోవాలె గద."

కాగితంలో మిగిలినవి మూడు గళ్లు:
రోగి వాడినది. పోయినది. ఒలికినది.
పెన్ను చాలాసేపు గాల్లోనే ఉంది.
"గ్లాసు గూడ ఇయ్యాల్నా?" అనడిగింది.
అక్కర్లేదన్నాను.
మూడో గడిలో ఒకటి వేశాను.