అట్ట మీద చెయ్యి

మైదా ఉడుకుతున్నంతసేపూ కదుపుతూనే ఉండాలి.
ఆపితే అడుగంటుతుంది.
మైలతుత్తం మరిచిపోతే పురుగు పడుతుంది,
దేవుడి పుస్తకమైనా, కరెంటు బిల్లుల రిజిస్టరైనా
పురుగుకి ఒకటే.

ఏడు రోడ్ల జంక్షను వెనక సందులో నా బైండింగు కొట్టు.
రాత్రి పదిన్నర.
ఎదర టీకొట్టు టీవీలో
అమెరికా ప్రెసిడెంటు ఒట్టేస్తున్నాడు.
అక్కడ మిట్టమధ్యాహ్నమట, నోట్లోంచి పొగలొస్తున్న చలట.
ఒక చెయ్యి పైకి,
ఒక చెయ్యి పుస్తకం మీద.
అందరూ మొహం చూస్తున్నారు.
నేను పుస్తకం చూశాను.
తోలు బైండు. వెన్ను మీద అయిదు కట్లు. అంచులకి బంగారు పూత.
మూసే ఉంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేను నేర్చింది ఇంతే:
చదివిన పుస్తకం వెన్ను దగ్గర విరుగుతుంది,
పేజీల మూలలు చెవులు వేలాడేస్తాయి,
మధ్యలో తలనూనె మరక, ఎండిన చీమ, ఓ బస్సు టికెట్టు.
ఒట్లకి వాడిన పుస్తకం
అట్ట మీదే అరుగుతుంది,
అరచెయ్యంత మేర.

మర్నాడు టెక్కలి నించి యూనీకే టీచరుగారొచ్చారు,
కీర్తనల దగ్గర రెండు ముక్కలైన
వాళ్ళ నాన్న బైబిలు తీసుకెళ్ళడానికి.
"చూశావా సూరీ, రాత్రి?"
"చూశానండి. మంచి బైండు."
నవ్వారు.
"ఆ పుస్తకం పట్టుకోవాలని వాళ్ళ చట్టంలో ఎక్కడా లేదయ్యా.
పట్టుకోకుండా నిలబడమను, చూద్దాం!
ఏ చర్చికెళ్తావు, ఆఖరిసారి ఎప్పుడు మోకరించావు,
నీ భార్యది ఏ సంఘం, అన్నీ ఆరా తీస్తారు.
ఆదివారం చర్చి మెట్ల మీద ఫొటో దిగాలి.
పాస్టర్లు చుట్టూ చేరి భుజాల మీద చేతులెయ్యాలి.
మా నాన్న గంట కొట్టేవాడు కదా,
ఓసారి మన బాప్టిస్టే నెగ్గాడని రేడియోలో విని
వేళగాని వేళ గంట కొట్టేశాడు.
ఎక్కడో ఇల్లంటుకుందనుకుని
జనం బిందెల్తో పరిగెత్తుకొచ్చారు."
"మరి?"
"మరేముంది. నీళ్ళొలికాయి."

నాకు నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నా ఓటింకా ఆమదాలవలస అవతల మా ఊళ్ళోనే ఉంది.
మొన్న పంచాయితీ ముందు రాత్రి
పళ్ళెం పట్టుకుని ఇంటింటికీ వచ్చారు.
అమ్మోరి పటం, పసుపు, కర్పూరం,
పటం కింద మడిచిన నోట్లు.
"సెయ్యెట్టు మావా. మా గుర్తుకే ఏత్తానని సెప్పు.
తప్పితే నీ పిల్లల మీదొట్టు."
పేట ఇళ్ళకి వేరే సంచి, అందులో బైబిలు.
నల్ల రెక్సిను.
మూల మడత చూడగానే గుర్తుపట్టాను, నేను కట్టిందే.
అట్ట మీద నాలుగు పసుపు వేళ్ళు.
పళ్ళెం మోసిన చెయ్యే దాన్నీ మోసింది మరి.

అక్కడ ఓట్లు పుచ్చుకున్నవాడు ఒట్టేస్తాడు.
ఇక్కడ ఓటిచ్చేవాడి చేత వేయించుకుంటారు.
చెయ్యి పెట్టాను.
ఏం, పెట్టకపోతే?
పక్కింటి వరహాలమ్మ కూడా అదే అడిగింది,
కర్పూరం వైపు చూడకుండా.

నోటు ఆ వారమే మోకాలి మాత్రలకి అయిపోయింది.
ఎవరికి వేశానో మా ఆవిడకి కూడా చెప్పలేదు.
వేళ్ళకి మాత్రం పసుపు వాసన,
జిగురు కింద, సబ్బు కింద, చాలా రోజులు.

ఇదేదీ టీచరుగారితో అనలేదు.
"రెండొందల యాభై" అన్నాను.
ఆవిడ బల్ల మీదే పుస్తకం విప్పబోయారు.
మొరాయించింది.
"కొత్త కుట్టు గదమ్మా, రోజూ తెరుస్తుంటే ఒంగుతాది.
మూసుంచితేనే బిగుసుకుపోద్ది."
కీర్తనల దగ్గర ఆగి
లోపల వేలు పెట్టి చూసుకున్నారు.
బస్సు టికెట్టు ఏ పేజీలో దొరికిందో
ఆ పేజీలోనే పెట్టాను.
చీమని కూడా.