చిల్లర బాకీ

తెల్లారి నాలుగున్నరకి
మా మామ వాకిలి గడి పట్టుకుని నిలబడతాడు.
"రాయవేలూరు, రాయవేలూరు, కాట్పాడి, రాయవేలూరు!"
లుంగీ మీద ఖాకీ చొక్కా
గుండీలు ఒక కాజా తప్పి ఇంకో కాజాలో.
రిటైరై పద్నాలుగేండ్లు.
ఆయన బస్సు ఇంకా చిత్తూరు డిపో దాటలేదు.

నేను అల్లుణ్ణి.
పెండ్లిపీటల మీద నా కాళ్లు కడిగిన చేతులవి.
ఇప్పుడు వాటికి సబ్బు రాసేది నేను.
మొదటిసారి స్నానం చేయించిన రోజు
ఇద్దరం గోడవైపే చూస్తూ ఉండిపోయినాం.

రేవతి పాల డెయిరీలో షిఫ్టుకి పోతాది.
నా మిషను ఇంట్లోనే.
జాకెట్టుకి చేతులు అతుకుతూ
ఒక కన్ను సూది మీద, ఇంకో కన్ను గొళ్లెం మీద.
"యాడికొచ్చింది అబ్బోడా?" అంటాడు.
"గుడిపాల మామా."
దారం ఎక్కించేలోపల మళ్లీ "యాడికొచ్చింది?"
"గుడిపాల."
ఒకనాడు పొద్దుట్నుంచి మాపటిదాకా
గుడిపాలలోనే నిలిచిపోయినాక
అరిచినాను.
కత్తెర నేలకేసి కొట్టినాను.
ఆయన, టికెట్టు లేని పిల్లోడి మాదిరి
మిషను కిందికి దూరినాడు.
రేవతికి చెప్పలేదు.

చుట్టాలొస్తారు. మంచోళ్లే.
అరటిపండ్లు తెస్తారు.
"వయసు కదప్పా, అట్లే ఉంటాది."
"కాణిపాకంలో మొక్కుకో."
పోయేటప్పుడు నా చెయ్యి పట్టుకుని
"నువ్వు దేవుడివి నాయనా" అంటారు.
దేవుడు కత్తెర సంగతి ఎవరికి చెప్పుకోవాల?

పెద్దాసుపత్రిలో, మందుల వరుసలో
ముందు నిలబడిన ఆమె వెనక్కి తిరిగి
నా చీటీలో మాత్ర పేరు చదివి
"మీకూనా?" అనింది.
అంతే.
ఆమె పేరు ఖైరున్.
ఆమె పేరు మర్చిపోయింది వాళ్లత్త.

అట్లా చేరినాను, రెండో ఆదివారం
ఏకాంబరం సారు మిద్దె మీదికి.
ఆరుగురం. ఒక్కోసారి ముగ్గురం.
రానోళ్లని ఎందుకు రాలేదని అడగం.
కన్నెమ్మ చెనిక్కాయలు ఉడకేసి తెస్తాది.
సారు భార్య అద్దంలో దొంగ ఉందంటాది,
ఇంట్లో అద్దాలన్నిటికీ పాత చీరలు కప్పినారంట.
కన్నెమ్మ తమ్ముడు ఉప్పు తింటాడు, పిడికిళ్లతో.
"డబ్బా అటకెక్కించండి" అని ఒక్క ముక్కలో చెప్తాది గానీ
అది నేర్చుకునేదానికి ఆమెకి ఒక ఎండాకాలం పట్టింది.

మూడో నెలలో, తల వంచుకుని
కత్తెర సంగతి చెప్పినాను.
కాయ ఒలుస్తా కన్నెమ్మ అనింది:
"నేను కొట్టినా నాయనా. చెంప మీద.
వానికి గురుతు లేదు.
నాకుండాది."
ఎవరూ ఏమీ అనలేదు.
కింద సందులో ఎవరో స్కూటరు కిక్కు కొడతా ఉండారు,
అది అందుకోలేదు.
సారు చెనిక్కాయల పళ్లెం
కొంచెం ఆమె పక్కకి జరిపినాడు.
పోయేముందు నాతో అన్నాడు:
"ఆ బస్సుని ఆపబాకు. ఎక్కు."

ఎక్కినాను, మర్నాడు నాలుగున్నరకి.
"ఒక రాయవేలూరు."
క్యాలెండరు కాయితం చించి
బొటనవేలు నాలుకకి తడిచేసుకుని
ఎంత పద్ధతిగా ఇచ్చినాడో!
ఇరవై రెండు రూపాయలు, నోటిలెక్క.
నా పేరు పోయింది గానీ ఛార్జీ పోలేదు.

పోయిన బేస్తవారం ఖైరున్ వచ్చి కూర్చునింది.
వచ్చే వారం వాళ్లత్త దగ్గర నేను కూర్చోవాల.
రెండు గంటలు.
క్షవరం చేయించుకున్నాను.
టీ తాగినాను. పనేమీ లేక ఇంకో టీ తాగినాను.
బస్టాండులో బెంచీ మీద కూర్చుని
ఎవరూ ఎక్కడికొచ్చిందని అడగకుండా
వచ్చేవీ పోయేవీ చూసినాను.
ఏడుపొచ్చింది, ఎందుకో తెలీదు.

ఇంటికొచ్చేసరికి ఖైరున్ చేతిలో కాయితం ముక్క.
వెనక పెన్సిలుతో మూడు అంకె, చుట్టూ సున్న.
చిల్లర లేనప్పుడు అట్లా రాసేవాడు
ముప్పై ఏండ్లు, టికెట్ల వెనక.
"దిగేటప్పుడు గుర్తుచెయ్యమన్నాడు"
అనింది చెప్పులేసుకుంటూ.
"మామా, మూడు రూపాయలు."
ఆయన జేబు తడుముకుంటా ఉండాడు.
నా జేబులోంచి తీసి ఆయన చేతిలో పెట్టినాను,
ఆయన ఎంచి
ఆమె చేతిలో.